రాత్రి పది దాటాక పాట

రాత్రి పదిన్నర. పక్క గదిలో పిల్లలు నిద్రపోయారు. హాల్లో ఏదో పాత కచేరీ రికార్డింగ్ నడుస్తోంది. రిమోట్ పట్టుకుని వాల్యూమ్ ఒక్కో మెట్టే దించుతూ వస్తే పాట అంతా ఒకే లెక్కన తగ్గదు. ముందు మృదంగంలో రవ్వముద్ద పెట్టిన ఎడమ వైపు మోత పోతుంది. తర్వాత తంబురా కింది షడ్జం పలచబడుతుంది. చివరికి గాయకుడి గొంతులో పై సగం, వయొలిన్, తాళం చప్పుడు మాత్రం మిగులుతాయి. "ఈ స్పీకర్లలో బేస్ లేదు, ఇంకాస్త పెద్దవి కొనాలి" అనే ఆలోచన సరిగ్గా ఇక్కడే పుడుతుంది. పెద్దవి కొన్నాక కూడా పదిన్నరకి అదే కథ. అక్కడ బేస్ తగ్గిస్తున్నది పెట్టె కాదు, చెవి.

ఈ సంగతిని 1933లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధకులు హార్వీ ఫ్లెచర్, విల్డెన్ మన్సన్ కొలిచి చూపించారు. ఆ తర్వాతి కొలతలతో దిద్దుకుంటూ వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం పేరు ఐఎస్ఓ 226. ఏ స్వరానికి ఎంత బలం ఉంటే చెవికి సమానంగా వినిపిస్తుందో చూపే గీతలు అందులో ఉంటాయి. స్వరం ఎంత పైదో, ఎంత కిందిదో హెర్ట్జ్‌లలో, శబ్దం బలాన్ని డెసిబెల్‌లలో కొలుస్తారు. మధ్య స్థాయి స్వరాలు చిన్నగా ఉన్నా చెవికి సులువుగా అందుతాయి. కింది స్వరాలు అందాలంటే వాటికి చాలా ఎక్కువ బలం కావాలి. 1000 హెర్ట్జ్ దగ్గర 40 డెసిబెల్‌ల శబ్దం ఎంత వినిపిస్తుందో, 100 హెర్ట్జ్ దగ్గర అంతే వినిపించాలంటే సుమారు 64 డెసిబెల్‌లు ఉండాలి. 50 హెర్ట్జ్ దగ్గరైతే దాదాపు 78. సౌండు పెంచేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది, దించేకొద్దీ పెరుగుతుంది.

మన పాటల లెక్కలోకి తెచ్చి చూద్దాం. మగవాళ్లు ఒకటిన్నర శ్రుతిలో పాడితే వాళ్ల షడ్జం సుమారు 139 హెర్ట్జ్. తంబురా మంద్ర షడ్జం అందులో సగం, అంటే 69. మృదంగం ఎడమ వైపు, అంటే తొప్పి మోత కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. అంటే కచేరీకి నేల లాంటి భాగమంతా చెవి ముందుగా వదిలేసే ప్రాంతంలోనే ఉంది. తంబురాకి పై స్వరాంశాలు దండిగా ఉంటాయి కాబట్టి అది పూర్తిగా పోదు, పలచబడుతుంది అంతే. మృదంగానికి ఆ వెసులుబాటు తక్కువ.

పాటను మిక్స్ చేసేవాళ్లు మామూలుగా 80 డెసిబెల్‌ల చుట్టుపక్కల పెట్టుకుని వింటూ బేస్, ట్రెబుల్ పాళ్లు నిర్ణయిస్తారు. దాన్నే ఇంట్లో 60 దగ్గర వింటే, ఐఎస్ఓ 226 గీతల ప్రకారం 100 హెర్ట్జ్ దగ్గర సుమారు 6 డెసిబెల్‌లు, 50 హెర్ట్జ్ దగ్గర సుమారు 8 డెసిబెల్‌లు చెవి లెక్కలో లోటు పడుతుంది. ఈ రెండు అంకెలూ గుర్తుంటే చాలు, రాత్రి వినడానికి ఏం కొనాలో, ఏం అక్కర్లేదో సగం తేలిపోతుంది.

షాపులో మాత్రం ఈ లెక్క ఎవరూ చెప్పరు. కోఠి గుజరాతీ గల్లీలోనైనా, మాల్‌లోని షోరూమ్‌లోనైనా డెమో ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. గట్టిగా పెడితే చెవికి బేస్ దండిగా అందుతుంది, బాక్సు గొప్పగా అనిపిస్తుంది. డబ్బాల మీద వేల వాట్ల పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ పవర్ పేరుతో వేసే లెక్క) అంకెలు వేసే రోజులు ఇంకా పూర్తిగా పోలేదు. గోడ సాకెట్ నుంచి అంత కరెంటు లాగితే ఇంట్లో ఎంసీబీ పడిపోతుంది. అంకె వేసినవాళ్లకీ, కొనేవాళ్లకీ ఈ సంగతి తెలుసు. అయినా పెద్ద అంకెకి ఉన్న మోజు అలాంటిది.

నిజానికి ఎన్ని వాట్లు కావాలి? మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకరుకి ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో సుమారు 85 డెసిబెల్‌ల శబ్దం వస్తుంది. ప్రతి 10 డెసిబెల్‌లు తగ్గించడానికి పవర్ పదో వంతు అవుతుంది. కాబట్టి అదే మీటరు దూరంలో 65 డెసిబెల్‌లు చాలనుకుంటే కావలసింది వాటులో నూరో వంతు. చెవి దోచుకున్న బేస్‌ని 8 డెసిబెల్‌లు పెంచి తిరిగి పూడ్చినా ఆ కింది స్వరాలకి అది ఆరు రెట్ల పైచిలుకు. నూరో వంతుకి ఆరు రెట్లంటే ఇంకా వాటులో పదో వంతు కూడా కాదు. పాటలో హఠాత్తుగా వచ్చే మోతల కోసం దీనికి పది రెట్లు, ఇరవై రెట్లు వదిలిపెట్టుకున్నా ఒకటి రెండు వాట్ల దగ్గర ఆగిపోతుంది. ఫ్లాటులో రాత్రిపూట వినేవాళ్లు వాట్లకి పెట్టే డబ్బు చాలా మటుకు వృథా.

ఆ డబ్బును దూరం తగ్గించడంలో పెట్టడం మేలు. స్పీకరుకి, చెవికి మధ్య దూరం సగం అయిన ప్రతిసారీ నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్‌లు పెరుగుతుంది. టీవీ పక్కన మూడు మీటర్ల అవతల ఉన్న స్పీకర్లని మీటరు దూరానికి తెచ్చుకుంటే తొమ్మిదిన్నర డెసిబెల్‌లు ఉచితంగా దొరికినట్టే. అంత మేరకు వాల్యూమ్ దించొచ్చు, వినేవాళ్లకి తేడా తెలియదు, గోడ అవతల వాళ్లకి మాత్రం బాగా తెలుస్తుంది. అందుకే చిన్న ఇంట్లో హాల్ మొత్తానికి సరిపడే టవర్ స్పీకర్ల కన్నా, టేబుల్ మీద చేతికందే దూరంలో పెట్టుకునే నాలుగైదు అంగుళాల ఊఫర్ (కింది స్వరాలు పలికే భాగం) ఉన్న పవర్డ్ స్పీకర్ల, అంటే యాంప్లిఫయర్ లోపలే ఉన్నవాటి జత సరైన కొనుగోలు. కుర్చీలో కూర్చున్నప్పుడు పై స్వరాలు పలికే ట్వీటర్ చెవి ఎత్తులో ఉండాలి. టేబుల్ మరీ కింద ఉంటే స్పీకర్ల కింద రెండు లావు పుస్తకాలు పెట్టినా పని జరుగుతుంది.

పైనా కిందా రెండు హద్దులు

ఇంట్లో తక్కువ సౌండులో వినడం అంటే ఒక ఇరుకు సందులోంచి నడవడం. కింద హద్దు ఇంట్లోని చప్పుడు, అంటే ఫ్యాను, ఫ్రిజ్జు, ఏసీ, బయటి రోడ్డు. పై హద్దు పక్కవాళ్ల నిద్ర. ఈ రెంటి మధ్య ఎంత జాగా ఉంటే అంత సంగీతం.

పై హద్దుకి చట్టం ఒక అంకె పెట్టింది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు వరకు. అది ఆ ప్రాంతంలో మొత్తం శబ్దానికి పెట్టిన హద్దు. అపార్ట్‌మెంట్ గొడవలు ఆ అంకె దాకా రావు. కింద ఫ్లోర్ ఆంటీ వాచ్‌మన్‌తో కబురు పంపడంతోనే తేలిపోతాయి. ఆవిడని ఇబ్బంది పెట్టేది గొంతు కాదు, "దుబ్ దుబ్" మనే మోత. గోడ ఎంత బరువైతే శబ్దాన్ని అంత ఆపుతుంది. బరువు రెట్టింపైతే సిద్ధాంతం ప్రకారం 6 డెసిబెల్‌లు ఎక్కువ ఆగుతాయి. శబ్దం ఎంత కింది స్వరమైతే ఆ ఆపే శక్తి అంత తగ్గుతుంది. పాత ఇళ్ల తొమ్మిది అంగుళాల ఇటుక గోడకీ, ఇప్పటి ఫ్లాట్లలో గదుల మధ్య కట్టే ఏఏసీ (గాలి బుడగలున్న తేలిక కాంక్రీటు) బ్లాకు గోడకీ తేడా ఇక్కడే ఉంది. ఏఏసీ బ్లాకు ఘనమీటరుకి 550 నుంచి 650 కిలోలు తూగుతుంది. కాంక్రీటు దాదాపు 2400. అల్యూమినియం ఫార్మ్‌వర్క్‌తో మొత్తం కాంక్రీటు గోడలు పోసిన కొత్త టవర్లలో గొంతులు బాగానే ఆగుతాయి గానీ, అవతల ఎవరో కుర్చీ జరిపితే ఆ చప్పుడు మూడు ఫ్లోర్ల దాకా పాకుతుంది. అందుకే ఊఫర్‌ని నేల మీదో, గోడకు బిగించిన అర మీదో పెట్టకుండా మధ్యలో దట్టమైన స్పాంజీ లాంటి ప్యాడ్ వేయాలి. స్లాబ్‌లోకి నేరుగా దిగే కంపనం కొంత తగ్గుతుంది. గాలిలో వెళ్లే బేస్‌ని ప్యాడ్ ఆపదు. అది చాలామంది పొరబడే చోటు.

ఈ కథలో ఒక మంచి మెలిక ఉంది. మన దగ్గర బేస్ దోచుకున్న చెవే పక్కింట్లో మన తరఫున కాపలా కాస్తుంది. 50 హెర్ట్జ్ శబ్దం అసలు వినపడాలంటేనే సుమారు 44 డెసిబెల్‌లు ఉండాలి. మన గదిలో ఆ స్వరం 65 దగ్గర ఉండి, గోడ 30 ఆపితే అవతల చేరేది 35. కొలిచే యంత్రానికి దొరకొచ్చు, మనిషికి వినపడదు. కాబట్టి రాత్రి బేస్ కాస్త పెంచుకున్నంత మాత్రాన పక్కవాళ్ల నిద్ర పోదు. అయితే కింది స్వరాల్లో ఆ వినపడే గీత ఒకసారి దాటితే సీను మారిపోతుంది. అక్కడ కొద్ది డెసిబెల్‌లు పెరిగినా చెవికి చాలా పెరిగినట్టు ఉంటుంది. "ఇందాకటి దాకా ఏమీ లేదు, ఇప్పుడు ఒకటే మోత" అని పక్కవాళ్లు అనేది అబద్ధం కాదు. మనం రెండు మెట్లే పెంచి ఉంటాం. వాళ్లకి అది సున్నా నుంచి మొదలై తలనొప్పి దాకా వెళ్లి ఉంటుంది. ఇక కిటికీ గానీ, బాల్కనీ తలుపు గానీ తెరిచి ఉంటే గోడ లెక్కలన్నీ గాలికే.

కింది హద్దు మాటకొస్తే, ఆడియో ఖర్చులో మొదటి పద్దు ఫ్యాను కావడం వింతగా ఉంటుంది గానీ చాలా ఇళ్లలో అదే న్యాయం. డిమ్మర్ తరహా రెగ్యులేటర్ ఉంటే తక్కువ స్పీడులో పాత మోటారు గుర్రుమంటుంది. ఆ గుర్రు సరిగ్గా తంబురా కూర్చునే చోటే కూర్చుంటుంది. రెగ్యులేటర్‌ని కెపాసిటర్ల స్టెప్పు రకానికి మారిస్తే ఆ మూలుగు చాలావరకు పోతుంది. బీఎల్‌డీసీ ఫ్యానులకి ఆ బాధ తక్కువ. ఇంటి చప్పుడు 6 డెసిబెల్‌లు తగ్గిందంటే పాటను కూడా 6 తగ్గించి అంతే వివరంగా వినొచ్చు. ఏ యాంప్లిఫయరూ ఇంత చవగ్గా ఇవ్వని లాభం అది. ఊగే ఫ్యాను రాడ్డుకి రబ్బరు బుష్ వేయించడం, ఫ్రిజ్జుని గోడకు తగలకుండా నాలుగు వేళ్లు ముందుకు జరపడం కూడా ఇదే ఖాతాలోకి వస్తాయి.

పది పదకొండడుగుల గది

మన డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్లలో పడకగది తరచూ పది అడుగులు, పదకొండు అడుగులు, ఎత్తు తొమ్మిదిన్నర. ఈ కొలతలు బేస్‌కి మంచి చేయవు. ప్రతి కొలతకీ గది తనంతట తాను మోగే ఒక స్వరం ఉంటుంది. ఈ మూడూ 51 నుంచి 60 హెర్ట్జ్ మధ్య ఇరుక్కుంటాయి. దాదాపు చదరపు డబ్బా లాంటి గది కాబట్టి మూడూ ఒకచోటే పోగై, ఆ స్వరం వచ్చినప్పుడల్లా గది బొయ్యిమంటుంది. ఇనుప బీరువా ఉంటే దాని తలుపు సరిగ్గా అదే స్వరానికి తాళం వేస్తుంది. తలుపు సందులో మడిచిన గుడ్డ ముక్క పెడితే ఆ వాయిద్యం ఆగుతుంది.

అయితే ఈ దోషమే తక్కువ సౌండు దగ్గర కాస్త ఉపకారి. గది మధ్యలో కూర్చుంటే ఆ స్వరాలు దాదాపు మాయమవుతాయి, గోడ దగ్గర కూర్చుంటే బలంగా ఉంటాయి. స్పీకర్‌ని కూడా గోడకి దగ్గరగా జరిపితే కింది స్వరాలు 6 డెసిబెల్‌ల దాకా పెరగొచ్చు. గట్టిగా వినేవాళ్లకి ఇది తలనొప్పి. అందుకే ఆడియో సలహాలన్నీ "స్పీకర్‌ని గోడకి దూరంగా జరపండి" అని మొదలవుతాయి. ఆ సలహా పెద్ద గదులకీ పెద్ద సౌండుకీ చెప్పింది. మంచం తల వైపు గోడకి ఆనించి, స్పీకర్లని ఎదుటి గోడకి జానెడు దూరంలో పెట్టుకుని 60 డెసిబెల్‌ల దగ్గర వింటే చెవి తగ్గించింది గోడ కొంత పూడుస్తుంది. పైసా ఖర్చు లేదు. వెనక వైపు గాలి రంధ్రం ఉన్న బాక్సుని గోడకి మరీ ఆనించకూడదు. ఎంతో ఇష్టపడి కొంటే మూసి ఉన్న బాక్సో, ముందు రంధ్రమున్న బాక్సో ఎంచుకోవడం చిన్న గదిలో సుఖం.

టైల్స్, గాజు కిటికీలు, ఖాళీ గోడలు ఉన్న హాల్‌లో చప్పట్లు కొడితే టింగుమని తిరిగొస్తుంది. పరుపు, బట్టలు వేలాడే అల్మరా, దళసరి కర్టెన్లు ఉన్న పడకగది దానికన్నా ఎంతో నయం. అందుకే ఉన్న సామాను హాల్ నుంచి పడకగదికి మార్చడం కొత్త సామాను కన్నా ఎక్కువ తేడా తేవచ్చు. ఇంట్లో వాళ్లు ఒప్పుకుంటేనే అనుకోండి.

లౌడ్‌నెస్ బటన్ చేసిన తప్పేమిటి

పాత స్టీరియోల మీద లౌడ్‌నెస్ అని ఒక బటన్ ఉండేది. చెవి లోటుని పూడ్చడానికే దాన్ని పెట్టారు. జనం అన్ని వేళలా నొక్కి ఉంచడం, గట్టిగా పెట్టినప్పుడు అది బేస్‌ని బురద చేయడంతో సీరియస్‌గా వినేవాళ్లు దాన్ని చిన్నచూపు చూశారు. కంపెనీలు తీసేశాయి. ఇది అన్యాయమైన పరువునష్టం. బటన్‌లో ఉన్న లోపం ఒక్కటే, వాల్యూమ్ ఎంత ఉందో దానికి తెలియదు. యమహా తన యాంప్లిఫయర్లలో బటన్‌కి బదులు తిప్పుకునే లౌడ్‌నెస్ నాబ్ ఇస్తూ వచ్చింది. ముందు మామూలుగా వినే గట్టి సౌండుకి వాల్యూమ్ పెట్టుకుని, తర్వాత ఈ నాబ్‌తో దించుకోవాలి. సౌండు తగ్గేకొద్దీ బేస్ పాలు అదే సర్దుకుంటుంది. కొన్ని ఏవీ రిసీవర్లలో (హోమ్ థియేటర్ యాంప్లిఫయర్లలో) ఆడిస్సీ డైనమిక్ ఈక్యూ పేరుతో, ఆర్ఎంఈ ఏడీఐ-2 డాక్ అనే, డిజిటల్ పాటను యాంప్లిఫయర్‌కి అందే సిగ్నల్‌గా మార్చే పెట్టెలో లౌడ్‌నెస్ పేరుతో ఉన్నవి ఇదే పని లెక్క ప్రకారం చేస్తాయి. రాత్రి వినడానికే కొనేవాళ్లు స్పెసిఫికేషన్ కాగితంలో వాట్ల కన్నా ముందు వెతకాల్సింది ఈ సదుపాయాన్ని.

అది లేని పరికరం చేతిలో ఉన్నా నష్టం లేదు. కంప్యూటర్‌లో ఈక్వలైజర్ ఏపీఓ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో 100 హెర్ట్జ్ కింద 6 నుంచి 8 డెసిబెల్‌ల పెంపు ఒక ప్రీసెట్‌గా దాచుకోవచ్చు. ఫోన్లో వేవ్‌లెట్ లాంటి యాప్ చాలు. పగలు ఒక ప్రీసెట్, రాత్రి ఇంకొకటి. 20 డెసిబెల్‌లు దించి 8 పెంచినా, గట్టిగా విన్నప్పటి కంటే ఆ బేస్ ఇంకా 12 తక్కువే ఉంటుంది. పక్కింటి వాళ్ల పద్దులో ఇది లాభమే.

చిన్న బ్లూటూత్ స్పీకర్లు తక్కువ సౌండు దగ్గర కొన్నిసార్లు వాటి స్థాయికి మించి నిండుగా ఉండటానికి కారణం కూడా ఇదే. వాల్యూమ్ తక్కువగా ఉన్నప్పుడు లోపలి చిప్ బేస్‌ని పెంచుతుంది, వాల్యూమ్ పెంచేకొద్దీ చిన్న ఊఫర్ చినిగిపోకుండా ఆ బేస్‌నే తగ్గిస్తుంది. దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. తలగడ పక్కన పెట్టుకుని వినడానికి ఇలాంటిది పెద్ద సెట్టు కన్నా బాగుండే సందర్భాలు ఉన్నాయి. కానీ ఆ స్పీకర్లలో ఒక పాపం ఉంది. ఆన్ చేయగానే "కనెక్టెడ్" అనో, ఓ ట్యూనో ఇల్లంతా లేచేలా అరుస్తాయి, దానికి వాల్యూమ్ మెట్లతో సంబంధం ఉండదు. కొనేముందు షాపులో ఒకసారి ఆన్, ఆఫ్ చేయించి చూడటం మర్చిపోకూడదు.

సబ్‌ఊఫర్ మాట చాలామంది భయంతో తీసేస్తారు. తక్కువ సౌండులో చిన్న సబ్‌ఊఫర్ తప్పేమీ కాదు, దాన్ని గది మూల నుంచి తీసి సోఫా పక్కనే చేతికందే దూరంలో పెడితే. దగ్గరగా ఉంది కాబట్టి దాని మట్టం బాగా దించొచ్చు. మన చెవికి సరిపడా వస్తుంది, గోడ దగ్గరకి చేరేది కొంత తగ్గుతుంది.

సినిమాలది వేరే గోల. మాటలు వినపడాలని పెంచితే పేలుడు వచ్చి మంచం అదురుతుంది, దించితే మళ్లీ మాటలు పోతాయి. దీనికి బేస్ పెంపు మందు కాదు. సౌండ్‌బార్‌లోనో టీవీలోనో నైట్ మోడ్ అని ఉండేది పెద్ద చప్పుళ్లని నొక్కి, చిన్నవాటిని ఎత్తుతుంది. సినిమాకి అది బాగా పనికొస్తుంది. కచేరీకి మాత్రం ఆఫ్ చేయాలి. లేకపోతే ఆలాపనలో గాయని ఊపిరి పీల్చిన చప్పుడు, తని ఆవర్తనంలో మృదంగం మోతా ఒకే ఎత్తులో వచ్చి కూర్చుంటాయి.

నాబ్ మొదటి పావు

పరికరాలని ఎంచేటప్పుడు గట్టి సౌండు దగ్గర అవి ఎలా ఉన్నాయన్నది కాదు, నాబ్ మొదటి పావులో ఎలా ఉన్నాయన్నది చూడాలి. చవక యాంప్లిఫయర్ల నాబ్‌లలో ఎడమ కుడి చానళ్లు మొదట్లో సమానంగా కదలవు. బాగా దించితే గాయకుడు నడుమ నుంచి ఒక పక్కకి జరిగిపోతాడు, ఇంకాస్త దించితే ఒక స్పీకరే మిగులుతుంది. స్పీకర్ చెడిపోయిందనుకుని రిపేరుకి తీసుకెళ్లేవాళ్లూ ఉన్నారు. నాబ్‌ని సగం దాకా తీసుకొచ్చి, ఫోన్లోనో కంప్యూటర్‌లోనో వాల్యూమ్ తగ్గించుకోవడం దీనికి విరుగుడు. డిజిటల్‌గా తగ్గిస్తే నాణ్యత పోతుందన్న టెన్షన్ పాత రోజులది. బిట్‌కి సుమారు 6 డెసిబెల్‌ల లెక్కన, 24 బిట్ల పరికరంలో 40 డెసిబెల్‌లు తగ్గించినా 16 బిట్ల పాట చెక్కుచెదరకుండా ఇమిడిపోతుంది.

రెండోది హిస్. పవర్డ్ స్పీకర్లని చేతికందే దూరంలో పెట్టుకుంటున్నాం కాబట్టి, పాట లేనప్పుడు ట్వీటర్ నుంచి వచ్చే సన్నని సుయ్‌మనే శబ్దం రాత్రి స్పష్టంగా తెలుస్తుంది. షాపులో జనం మధ్య ఇది అస్సలు వినపడదు. రిటర్న్ పాలసీ ఉన్నచోట కొని, ఇంటికి తెచ్చి, ఫ్యాను ఆపేసి, ఏమీ ప్లే చేయకుండా ఒకసారి కూర్చోవాలి. ఐదు నిమిషాల పరీక్ష.

మూడోది హమ్. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఎర్తింగ్ సరిగ్గా లేని ఇంట్లో 50, 100 హెర్ట్జ్‌ల దగ్గర బుయ్‌మని మూలుగుతుంది. ల్యాప్‌టాప్ చార్జర్ పీకగానే ఆగితే దోషి ఎవరో తెలిసినట్టే. టీవీ, ల్యాప్‌టాప్, యాంప్లిఫయర్ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి తీసుకుంటే తరచూ తగ్గుతుంది. మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల అడాప్టర్ తగిలించి ఎర్త్ తీసేసినా హమ్ పోతుంది. ప్రాణం పోయే అవకాశం కూడా దానితోనే వస్తుంది, ఆ పని చేయకూడదు.

ఇక ఫోన్ వాల్యూమ్ మెట్లు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో మీడియా వాల్యూమ్‌కి పదిహేను మెట్లే. రాత్రి బ్లూటూత్‌లో రెండో మెట్టు చాలదు, మూడోది ఎక్కువవుతుంది. డెవలపర్ ఆప్షన్స్‌లో అబ్సల్యూట్ వాల్యూమ్ ఆపేస్తే ఫోన్ వాల్యూమ్, స్పీకర్ వాల్యూమ్ విడిపోతాయి, మధ్య మెట్లు దొరుకుతాయి.

చెవిలో పెట్టుకునేవి

ఇంతా చదివి "హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే పోలా?" అనుకోవడం సహజం. చాలామందికి సరైన జవాబు కూడా అదే. డబ్బుకి దక్కే నాణ్యత లెక్కలో వైర్ ఉన్న ఇయర్‌ఫోన్స్‌తో ఏ స్పీకరూ పోటీ పడలేదు. రెండు వేల లోపే చాలా మంచివి దొరుకుతున్నాయి. ఫోన్లో మూడున్నర ఎంఎం రంధ్రం లేకపోతే టైప్-సీ డాంగిల్ ఒకటి కావాలి. కానీ చెవి గీతలు ఇక్కడా వదలవు. హెడ్‌ఫోన్స్‌లో తక్కువ సౌండు పెట్టినా కింది స్వరాలు అలాగే పలచబడతాయి, ఆ రాత్రి ప్రీసెట్ ఇక్కడా అవసరమే. పైగా చెవిలో రబ్బరు సరిగ్గా కూర్చోకపోతే బేస్ మొత్తం ఆ సందులోంచే కారిపోతుంది. డబ్బాలో వచ్చే మూడు సైజుల రబ్బర్లలో రెండు పారేసేవాళ్లు చాలామంది పరికరాన్నే తిడుతుంటారు. రెండు చెవులకి రెండు సైజులు పట్టడం కూడా మామూలే.

హెడ్‌ఫోన్స్‌లో వెనక తెరిచి ఉన్నవి, మూసినవి అని రెండు జాతులు. తెరిచినవాటిలో పాట తల బయట విశాలంగా ఉన్నట్టు ఉంటుంది, చెవులకి గాలి ఆడుతుంది, మే నెల ఉక్కపోతలో ఆ తేడా పెద్దదే. కానీ ఫ్యాను చప్పుడంతా లోపలికి వస్తుంది, పాట బయటికి కారుతుంది. పక్కనే పడుకున్న మనిషికి సన్నగా చిటచిటమని వినపడుతూనే ఉంటుంది. అది మామూలు పాట కన్నా చిరాకు. ఒంటరిగా ఉండే గదికి తెరిచినవి, పక్కన మనిషి ఉంటే మూసినవి. మూసినవాటి రెక్సిన్ మెత్తలు మన చెమటకి రెండేళ్లలో పొట్టు రాలడం మొదలెడతాయి కాబట్టి, మెత్తలు విడిగా దొరికే మోడల్ తీసుకోవాలి. కళ్లజోడు ఉన్నవాళ్లకి కాడ పక్కన సందు ఏర్పడి బేస్ తగ్గుతుంది, పెట్టుకుని చూడకుండా కొనకూడదు.

నాయిస్ క్యాన్సిలింగ్ బాగా ఆపేది ఫ్యాను, ఏసీ లాంటి ఎడతెగని కింది శబ్దాల్నే. కుక్క అరుపునీ, కుక్కర్ విజిల్‌నీ అంతగా ఆపదు. ఆ మొదటి గుణమే ఇక్కడ కావలసింది. కింది హద్దు దిగిపోతే పాటని ఇంకా తక్కువలో వినొచ్చు. పెద్దవాళ్లకి వారానికి 80 డెసిబెల్‌ల దగ్గర 40 గంటలు, పిల్లలకి 75 దగ్గర అంతే అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు. 3 డెసిబెల్‌లు పెరిగితే సమయం సగం. 60, 65 దగ్గర వినేవాళ్లకి ఈ లెక్కతో పనే లేదు. చంటిపిల్లలో, మంచాన ఉన్న పెద్దవాళ్లో ఉన్న ఇంట్లో మాత్రం రెండు చెవులూ మూసుకోవడం కుదరదు. అక్కడ మళ్లీ చిన్న స్పీకరే దిక్కు.

ఆ చిన్న స్పీకరు కూడా ఎప్పుడూ జత కానక్కర్లేదు. 1950ల, 60ల సినిమా పాటలు, ఆకాశవాణి నాటి లలిత గీతాలు చాలావరకు మోనో. ఆనాటి ఆప్టికల్ సౌండ్‌ట్రాక్‌లు, 78 ఆర్పీఎం రికార్డులు అతి కింది బేస్‌ని పెద్దగా పట్టుకోనేలేదు. పోవడానికి అక్కడ ఏమీ లేదు కాబట్టి సౌండు దించినా ఆ పాటలు కొత్త పాటలంత నష్టపోవు. రెండు స్పీకర్లలో ఒకే శబ్దం వచ్చి తల కదిపినప్పుడల్లా రంగు మారడం కన్నా, అలాంటి పాట ఒక్క స్పీకర్లోంచి వస్తేనే గొంతు నిలకడగా ఒకచోట కూర్చుంటుంది. నాలుగంగుళాల ఊఫరు ఉన్న ఒక్క పెట్టె, మంచం పక్కన స్టూలు మీద, గోడకి జానెడు దూరంలో.